పాలిష్ సీసా చివర కొనండి

కారు పెయింటు కళ తప్పిందని అనిపించగానే చాలామంది చేసేది ఒకటే. ఫోన్ తీసి మంచి పాలిష్ ఏదని వెతుకుతారు, స్టార్లు ఎక్కువున్న సీసా ఒకటి ఆర్డర్ పెడతారు. ఆదివారం పొద్దున పాత బనియన్ గుడ్డతో బానెట్ అంతా గట్టిగా రుద్దుతారు. ఆ రోజుకి మెరుస్తుంది. నెల తిరిగేసరికి మళ్లీ మామూలే. ఎండలో నిలబెట్టి చూస్తే గీతలు ఇంకొన్ని పెరిగి ఉంటాయి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, బంధువుల ఇళ్లలో, ఆఫీసు పార్కింగ్‌లో ఇదే తంతు ఏళ్ల తరబడి చూస్తున్నాను. నా కారును, అడిగినవాళ్ల కార్లను చాలాకాలంగా నా చేతులతోనే బాగుచేస్తున్నాను కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇంట్లో పెయింటు బాగుచేసుకోవాలనుకునేవాళ్లు పాలిష్ సీసాను అన్నిటికంటే చివర కొనాలి. చాలామందికి అది కొనాల్సిన అవసరమే రాదు.

ఎందుకింత ఖచ్చితంగా చెబుతున్నానంటే, పాలిష్ పెయింటుకు ఏమీ చేర్చదు. ఉన్నదాంట్లోంచి తీసేస్తుంది.

కారు రేకు మీద తుప్పు పట్టకుండా ముందు కరెంటు సాయంతో పట్టించే ప్రైమర్ ఉంటుంది. దాని మీద ఇంకో ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిపినా ఫ్యాక్టరీ పెయింటు మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. మన తల వెంట్రుక 70 మైక్రాన్లు ఉంటుంది అనుకుంటే, నాలుగు పొరలూ కలిసి రెండు వెంట్రుకల మందం. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మనకు కనిపించే మెరుపు, గీతలు, నీటి మచ్చలు, ఎండ దెబ్బ, అన్నీ ఆ సన్నటి పొరలోనే. ఎండలోని అతినీల లోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి. తేలికపాటి పాలిష్ ఒకటి రెండు మైక్రాన్లు తీస్తుంది. మెషీన్ పెట్టి కాంపౌండ్‌తో (గరుకు ఎక్కువున్న పాలిష్‌తో) గట్టిగా రుద్దితే అంతకు రెండు మూడు రెట్లు పోతుంది. ఏటా దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి "రబ్బింగ్ చేయించాను" అని సంతోషంగా చెప్పేవాళ్లను చూస్తే నాకు నిజంగానే బాధేస్తుంది. మన ఎండల్లో ఏడెనిమిదేళ్లకు ఆ కారు టాపు మీద క్లియర్ కోట్ పొట్టు పొట్టుగా లేవడం మొదలైతే దానికి మందు లేదు.

అందుకే ముందు పెయింటును చూడాలి, తర్వాతే షాపుకి వెళ్లాలి. ఆ చూడటం కష్టమైన పనేమీ కాదు. కారును శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోట కూడా కవర్ వేసుకుంటే గరుగ్గా తగులుతుంది. అలా తగిలితే పెయింటుకు ఏదో అంటుకుని ఉందన్నమాట. ఇక గీతలుంటే, గీత మీద కాసిని నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది క్లియర్ కోట్‌లోనే ఉంది, పాలిష్‌కి లొంగుతుంది. గోరుతో అడ్డంగా గీస్తే గోరు అక్కడ ఆగుతుంటే లోతైన గీత. దాన్ని రుద్ది పోగొట్టాలని చూస్తే చుట్టూ ఉన్న మంచి పెయింటు పోతుంది తప్ప గీత పోదు. దానికి టచప్ పెయింటే మార్గం. ఫోన్ టార్చ్ వేసి దగ్గరగా చూస్తే, దీపం చుట్టూ గుండ్రంగా అల్లుకున్న సన్నటి గీతలు కనిపిస్తాయి. వాటినే స్విర్ల్ మార్కులంటారు. స్టీలు పళ్లాన్ని పీచుతో తోమీ తోమీ లైటు కింద తిప్పి చూస్తే ఎలాంటి గీతలు కనిపిస్తాయో ఇవీ అంతే. నిజానికి అవి అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగు పడే కోణాన్ని బట్టి గుండ్రంగా అనిపిస్తాయి.

ఈ గీతలు రోడ్డు మీద పడినవి కావు. ఎక్కువ భాగం మనం తుడవడం వల్ల పడినవే.

మన ఊళ్లలో కారు కడిగే పద్ధతి గురించి కొంచెం ఎక్కువే మాట్లాడాలి. అసలు నష్టమంతా అక్కడే ఉంది కాబట్టి. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే వాచ్‌మనో, కార్లు తుడిచే కుర్రాడో ఒక బకెట్ నీళ్లు, ఒక గుడ్డ పట్టుకుని వస్తారు. ఆ ఒక్క బకెట్‌తోనే వరసగా కార్లన్నీ తుడుస్తారు. మొదటి కారు మీది ఇసుక గుడ్డకు అంటుకుని రెండో కారు మీదికి, అక్కడి నుంచి మూడో దాని మీదికి వెళుతుంది. హైదరాబాద్‌లో ఏ వీధిలో చూసినా ఏదో ఒక బిల్డింగ్ కడుతూనే ఉంటారు. ఆ సిమెంటు, రాతి పొడి అంతా కార్ల మీదే. పొడి దుమ్మును పొడి గుడ్డతో తుడవడం అంటే సన్నటి ఉప్పు కాగితంతో రుద్దడమే. ఇందులో తుడిచేవాళ్ల తప్పు ఏముంది? నెలకు కొన్ని వందలు ఇచ్చి, రోజూ తుడవమని చెప్పి, గుడ్డ కూడా వాళ్లనే తెచ్చుకోమన్నది మనం.

మా వాచ్‌మన్‌తో ఈ మాట తీసినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న న్యాయమైనదే. "రోజూ తుడవకపోతే పైసలెట్ల తీస్కుంట సార్?"

"రోజూ వద్దు, అన్నా. వారానికి రెండుసార్లు నేను చెప్పినట్టు కడుగు. డబ్బులు ఎప్పటిలాగే ఇస్తా. బకెట్లు, గుడ్డలు నేనే తెచ్చిస్తా."

నా దృష్టిలో కారు పెయింటు కోసం నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. రెండు బకెట్లు, ఒక మైక్రోఫైబర్ మిట్ట్ (చేతికి తొడుక్కుని కడిగే మెత్తటి తొడుగు), ఆరబెట్టడానికి ఒక పెద్ద మందపాటి టవలు, కారు షాంపూ. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. ముందు పైపుతోనో మగ్గుతోనో నీళ్లు పోసి వదులు మట్టి పోనివ్వాలి. తర్వాత టాపు నుంచి కిందికి రావాలి. ప్రతి రెండు పలకలకూ (డోరు, బానెట్ లాంటి ఒక్కో రేకు భాగం) మిట్ట్‌ను ఉత్త నీళ్ల బకెట్‌లో పిండి, అప్పుడు మళ్లీ షాంపూలో ముంచాలి. డోర్ల అడుగు భాగం, బంపర్లు చివర. చక్రాలకు వేరే గుడ్డ. పెయింటు మీద వాడే గుడ్డ నేల మీద పడితే ఇక దాన్ని పెయింటు దగ్గరికి రానివ్వకూడదు, చక్రాలకు వాడుకోవాలి. ఆయన ఇప్పుడు మా బ్లాక్‌లో ఇంకో ఇద్దరి కార్లు కూడా ఇలాగే కడుగుతున్నారు, వాళ్లు కొంచెం ఎక్కువే ఇస్తున్నారు.

షాంపూ విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసి ఉన్న ఏ మంచి కారు షాంపూ అయినా సరిపోతుంది. దానికి నురగ కంటే జారుడు ముఖ్యం. మట్టి కణానికి, పెయింటుకి మధ్య ఆ జారుడే గీత పడకుండా చూస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒకసారి వాడితే కారు కొంప మునగదు గానీ, అది జిడ్డును తీసేందుకు తయారైంది కాబట్టి పెయింటు మీద రక్షణగా పూసి ఉన్న వ్యాక్స్‌ను కూడా ఊడ్చేస్తుంది. బట్టల సర్ఫ్ పౌడర్ మాత్రం అసలు వద్దు. దాని క్షారం ఎక్కువ, సరిగ్గా కరగని పలుకులు గీతలు పెడతాయి. మైక్రోఫైబర్ గుడ్డల్లో తూకం చూసి కొనండి. ఆరబెట్టే టవలు 500 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ తూకం, గ్రాముల్లో) పైన ఉంటే ఒక్కసారి పరిచి లాగితే నీళ్లు పీల్చేస్తుంది. వ్యాక్స్ తుడవడానికి 300 చుట్టుపక్కల చాలు. అంచున కుట్టిన లేబుల్ కత్తిరించి పారేయండి. ఉతికేటప్పుడు వేరే బట్టలతో కలపొద్దు, కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లు పోయొద్దు. పోస్తే దారాల మధ్య సందులు పూడుకుపోయి గుడ్డ పీల్చడం మానేస్తుంది.

నీళ్లకు కరువు ఉన్నచోట రిన్స్‌లెస్ వాష్ అనే పద్ధతి ఉంది, తుడిచాక మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేదు. ఆప్టిమమ్ నో రిన్స్ లాంటివి ఈ రకం. ఒక్క బకెట్ నీళ్లలో కొద్దిగా కలిపి, మడత పెట్టిన మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు నానబెట్టి, ఒక్కో పలకకు గుడ్డ మడత మారుస్తూ తుడిచి వెంటనే ఆరబెట్టాలి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో బండ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మన కాలనీల్లో కూడా సెల్లార్‌లో పైపు వదిలి కార్లు కడగటం సరైన పని అని నేను అనుకోను. అయితే వానాకాలంలో బురద పట్టిన కారుకు ఈ పద్ధతి పనికిరాదు. ముందు బురద నీళ్లతో పోవాల్సిందే.

ఇక మరకల సంగతి. మన దగ్గర అన్నిటికంటే మొండిది బోరు నీళ్ల మరక. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఎండలో కడిగి అలాగే వదిలేస్తే నీళ్లు ఆవిరై లవణాలు తెల్లటి చుక్కలుగా మిగిలిపోతాయి. ఆ చుక్కల మీద ఎండ మళ్లీ మళ్లీ పడితే క్లియర్ కోట్‌లో చిన్న గుంటలే పడతాయి. నల్ల కారు కొని బోరు నీళ్లతో కడిగేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఇక్కడ ఒక విషయం తప్పకుండా చెప్పాలి. నీళ్లు వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతో చాలా ఇళ్లలో ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు పట్టి కారు కడుగుతారు. ఫిల్టర్ వదిలేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి, అంటే అవి మామూలు బోరు నీళ్ల కంటే కూడా ఉప్పటివి. చక్రాలకు, మొదట మట్టి వదలడానికి వాడుకోండి, పెయింటు మీద చివరి నీళ్లుగా మాత్రం పోయొద్దు. దానికి బదులు ఏసీ పైపు నుంచి బొట్లు బొట్లుగా కారే నీళ్లు బకెట్‌లో పట్టుకోండి. గాలిలోని తేమ చల్లబడి నీరైనది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో ఒక రాత్రికి బకెట్ దాకా వస్తాయి. పల్చటి గుడ్డతో వడకట్టి చివర ఆ నీళ్లు పోస్తే మచ్చలు పడటం ఎంత తగ్గుతుందో మీరే చూస్తారు.

ఇప్పటికే పడిన తాజా నీటి మచ్చలకు వంటింటి తెల్ల వెనిగర్ సరిపోతుంది. సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి, నీడలో మచ్చ మీద ఒక నిమిషం ఉంచి, తర్వాత షాంపూతో కడిగేయాలి. అక్కడి వ్యాక్స్ కూడా పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. దీనికి లొంగకపోతే వాటర్ స్పాట్ రిమూవర్ అని అమ్మేవి ఉన్నాయి. కొనేముందు లేబుల్ మీద ఏ యాసిడ్ ఉందో చదవండి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అనో, అమ్మోనియం బైఫ్లోరైడ్ అనో కనిపిస్తే అది ఇంట్లోకి రాకూడదు. చర్మం మీద పడితే పైకి పెద్దగా తెలియకుండానే లోపలికి ఇంకి ఎముకల దాకా హాని చేసే రసాయనం అది. పిల్లలున్న ఇంట్లో ఒక నీటి మచ్చ కోసం అంత ప్రమాదం తెచ్చిపెట్టుకోకూడదు. బాత్రూమ్ కడిగే యాసిడ్ కూడా వద్దే వద్దు.

పక్షుల రెట్టలు ఆగకూడని పని. వాటిలోని ఆమ్లం, మన ఎండ కలిస్తే ఒక్క మధ్యాహ్నంలో పెయింటు మీద గుర్తు పడిపోతుంది. తడి టిష్యూ దాని మీద ఐదు నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక ఎత్తి తీసేయాలి, రుద్దకూడదు. మామిడి పూత కాలంలో చెట్టు కింద పెట్టిన కారు అద్దాలు, బానెట్ బంకబంకగా అవుతాయి. తేనెమంచు పురుగులు కార్చే తీపి ద్రవం అది. దానికి గోరువెచ్చటి నీళ్లు, షాంపూ చాలు. కొత్తగా వేసిన రోడ్డు మీద తిరిగితే డోర్ల కింద అంటుకునే తారు చుక్కలకు తారు రిమూవర్ కొనొచ్చు. తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 ఇంట్లో ఉంటే అదే పనిచేస్తుంది. రెండిట్లో ఏది వాడినా తర్వాత షాంపూతో కడగడం మర్చిపోవద్దు.

కొత్త కారు పూజ గురించి కూడా చెబుతాను. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గీసి కుంకుమ బొట్లు పెడతాం. పెట్టుకోవాల్సిందే, అది మన సంబరం. కానీ వారం తర్వాత తెల్ల కారు మీద పసుపు మరక మిగిలిందని రబ్బింగ్ కాంపౌండ్ పట్టుకొస్తున్నారు, అది అనవసరం. పసుపులోని రంగు ఎండకు నిలవదు. కడిగి ఎండలో పెడితే కొద్ది రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. ఎండిన పసుపును, కుంకుమను పొడి గుడ్డతో దులపకండి, నీళ్లు పోసి నాననిచ్చి కడగండి. రంగులు కలిపిన బజారు కుంకుమ అయితే పూజ అయిన రోజే కడిగేయడం మంచిది.

ప్లాస్టిక్ కవర్ పరీక్షలో గరుగ్గా తగిలిందే, దాని సంగతి వేరు. బ్రేకుల నుంచి రాలే ఇనుప రేణువులు, రైలు పట్టాల పక్కన గాలిలో తేలే ఇనుము, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట గ్రైండింగ్ చేసేటప్పుడు ఎగిరే నిప్పురవ్వలు పెయింటులో గుచ్చుకుని అక్కడే తుప్పు పడతాయి. తెల్ల కార్ల మీద నారింజ రంగు చుక్కల్లా కనిపిస్తాయి. వీటికి ఐరన్ రిమూవర్ అని స్ప్రే దొరుకుతుంది. కొట్టిన నాలుగైదు నిమిషాల్లో ఇనుమున్న చోటల్లా ఊదా రంగుకి మారుతుంది, వాసన మాత్రం కుళ్లిన గుడ్డులా ఉంటుంది. ఆరిపోకముందే కడిగేయాలి. ఆ తర్వాత కూడా గరుకు మిగిలితే క్లే బార్. మైనంలా ఉండే ఆ ముద్దను పలచగా నొక్కి, షాంపూ నీళ్లు బాగా చల్లి, బరువు వేయకుండా పెయింటు మీద జారిస్తే అంటుకున్నవన్నీ దానికి పట్టుకుంటాయి. తరచూ మడత పెట్టి కొత్త వైపు తిప్పుకోవాలి. కింద పడితే ఎంత ఖరీదైనదైనా పారేయాలి. ఏడాదికి ఒకసారికి మించి ఈ పని అక్కర్లేదు. నన్ను అడిగినవాళ్లలో చాలామంది కార్లు ఇక్కడికే, పాలిష్ ముట్టకుండానే, వాళ్లు కోరుకున్నంత బాగుపడ్డాయి. మసకగా కనిపించింది పెయింటు కాదు, దాని మీద పేరుకున్న మురికి.

ఇవన్నీ చేశాక కూడా ఎండలో గీతలు ఇబ్బంది పెడుతుంటే, అప్పుడు పాలిష్. లేబుల్ మీద మాటలు చదవడం ఇక్కడ ముఖ్యం. కాంపౌండ్, కట్ అని ఉంటే ఎక్కువ గీస్తుంది. పాలిష్, ఫినిష్ అని ఉంటే తక్కువ గీస్తుంది. గ్లేజ్ అని ఉంటే గీసేది బహుశా ఏమీ ఉండదు, నూనెలతో గీతలను నింపి కప్పుతుంది. "క్లీనర్ వ్యాక్స్", "త్రీ ఇన్ వన్" అని అమ్మేవాటిలో కొంచెం రాపిడి, కొంచెం నింపుడు, కొంచెం వ్యాక్స్ అన్నీ కలిసి ఉంటాయి. వాటి మీద నాకు నమ్మకం తక్కువ. ఎంత పోయిందో, ఎంత కప్పబడిందో తెలియదు. క్లియర్ కోట్‌కు పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి. పెయింటు షాపుల్లో డబ్బాల్లో దొరికే పాతకాలపు గరుకు రబ్బింగ్ కాంపౌండ్ షెడ్డులో సాండ్ పేపర్ పట్టిన తాజా పెయింటు కోసం. ఇంట్లో చేత్తో వాడటానికి కాదు. మెగ్వయర్స్, 3ఎం, సోనాక్స్, టర్టిల్ వ్యాక్స్, అందరి దగ్గరా తేలికది, గట్టిది రెండూ ఉంటాయి. ఏ కంపెనీ అన్నదానికంటే తేలికదానితో మొదలుపెట్టడం ముఖ్యం.

చేతి అప్లికేటర్ ఫోమ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు వేసి, అడుగున్నర చదరం స్థలంలో, నీడలో, చల్లటి రేకు మీద రుద్దండి. నల్ల ప్లాస్టిక్ అంచులకు ముందే మాస్కింగ్ టేపు వేయండి. పాలిష్ అంటిందంటే తెల్లగా మిగిలిపోతుంది, వదలదు. డోర్ అంచులు, బానెట్ మడతల దగ్గర పెయింటు పల్చగా ఉంటుంది, అక్కడ చేయి తేలిక చేయండి. ఆ ఒక్క చోట పూర్తయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి తుడవండి. ఈ మెట్టును వదలొద్దని బతిమాలుతున్నాను. పాలిష్‌లోని నూనెలు గీతలను తాత్కాలికంగా దాచేస్తాయి. ఆల్కహాల్ తుడుపు తర్వాత కూడా గీతలు తగ్గి కనిపిస్తేనే పని నిజంగా జరిగినట్టు. సర్వీసింగ్ సెంటర్లో మెరిసిన కారు రెండు వానలకు పాతబడిపోవడం వెనక రహస్యం చాలాసార్లు ఈ నూనెలే. తగ్గకపోతే అప్పుడు ఒక మెట్టు గట్టి పాలిష్‌కి వెళ్లండి. మెషీన్ కొనాలనుకుంటే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కొనండి. అది తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడి పుట్టదు. షెడ్డుల్లో వాడే రోటరీ మెషీన్ అనుభవం లేని చేతిలో క్షణాల్లో రంగు దాకా కోసేస్తుంది. గీతలన్నీ పోవాలని పట్టుబట్టకండి. 70 శాతం తగ్గితే దూరం నుంచి కారు కొత్తదిలా ఉంటుంది, క్లియర్ కోట్ ఇంకా మిగిలి ఉంటుంది.

పాలిష్ గురించి నేను ఇంత కఠినంగా మాట్లాడినా, దాన్ని ధైర్యంగా వాడాల్సిన బండ్లు కూడా ఉన్నాయి. గుంటూరులో మా మామయ్యకు పాత ఎర్ర మారుతీ 800 ఉంది. ఎండకు బానెట్, టాపు గులాబీ రంగులోకి తిరిగి, చెయ్యి పెడితే సుద్దలా అంటుకునేది. "దీన్ని రంగు వేయించడమేరా, ఇంకేం లేదు," అన్నారాయన. ఆ కాలపు మామూలు ఎరుపు, తెలుపు కార్లలో చాలావాటికి క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగే పై పొర. తడి తెల్ల గుడ్డ మీద కొంచెం పాలిష్ వేసి ఓ మూల రుద్దితే గుడ్డకు రంగు అంటిందంటే అలాంటి పెయింటే. పైన ఎండకు చచ్చిపోయిన పొరను తీస్తే కింద మంచి రంగు ఉంటుంది. గుడ్డలు ఎర్రబడుతూనే ఉన్నాయి, కింద నుంచి అసలు ఎరుపు వస్తూనే ఉంది. ఇలాంటి పెయింటు చాలా పొడిబారి ఉంటుంది కాబట్టి పాలిష్ అయ్యాక నూనె ఎక్కువున్న గ్లేజ్, దాని మీద వ్యాక్స్ పెట్టాలి. వ్యాక్స్ రెండు మూడు నెలలకోసారి మళ్లీ పెట్టకపోతే సుద్ద తిరిగి వస్తుంది. మామయ్య ఆ బాధ్యత తీసుకున్నారు. ఇలాంటి బండిని రంగులు తెలియని షెడ్డులో పూర్తిగా పెయింట్ చేయించడం కంటే ఉన్న పెయింటును బతికించుకోవడం నూరుపాళ్లు మేలు.

చివరి మెట్టు రక్షణ. బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ మంచి లోతైన మెరుపు ఇస్తుంది, కానీ మన ఎండల్లో కొన్ని వారాలకే అరిగిపోతుంది. సింథటిక్ సీలెంట్లు, అంటే వ్యాక్స్‌లాగే పూసే కృత్రిమ పూతలు, మూడు నాలుగు నెలలు నిలుస్తాయి. కడిగిన తర్వాత తడి మీదే కొట్టి తుడిచే సిలికా స్ప్రేలు ఇంటి వాడకానికి నాకు అన్నిటికంటే నచ్చినవి. పని తక్కువ, తెల్ల మరకలు మిగలవు, వాచ్‌మన్ కూడా చేయగలరు.

షోరూమ్‌లో డెలివరీ రోజు వేలకు వేలు చెప్పి అంటగట్టే సెరామిక్ కోటింగ్ (పెయింటు మీద పూస్తే గట్టిపడే రక్షణ పొర) మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. కోటింగ్ చెడ్డదని కాదు. మురికి తేలిగ్గా వదులుతుంది, రసాయనాలకు కొంత ఆగుతుంది, నిజమే. కానీ "9హెచ్ గట్టిదనం, గీతలు పడవు" అని చెప్పి అమ్మడం తప్పు. ఆ 9హెచ్ పెన్సిళ్లతో చేసే పరీక్షకు సంబంధించిన అంకె. 9హెచ్ పెన్సిల్‌తో గీసినా తట్టుకుందని మాత్రమే అర్థం. వజ్రాన్ని 10గా లెక్కించే స్కేలుతో దానికి సంబంధం లేదు. ఒకటి రెండు మైక్రాన్లు ఉండటమే గొప్ప అయిన ఆ పొర, ఇసుక గుడ్డ ముందు నిలవదు. రాళ్ల దెబ్బల నుంచి, గీతల నుంచి నిజంగా కాపాడేది పీపీఎఫ్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్మ్, దాని మందం సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు. అది ఖరీదైనది, ఇంట్లో అతికించుకునేది కాదు. డబ్బు ఉండి కొత్త కారుకు బానెట్, ముందు బంపర్ వరకు వేయించుకుంటే నేను కాదనను. కోటింగ్ వేయించుకున్నాం కదా అని అదే పాత బకెట్, అదే పాత గుడ్డ కొనసాగించేవాళ్ల డబ్బు మాత్రం వృథానే.

ఇంటి చిట్కాల గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి రెండు ముక్కలు. టూత్‌పేస్టులో రాపిడి పొడి ఉంటుంది, చిన్న గీతను మసక చేస్తుంది. అంటే అది కూడా పాలిషే, కాకపోతే పలుకు ఎంత గరుకో తెలియని పాలిష్. కిరోసిన్, డీజిల్ నీళ్లలో కలిపి తుడిచే అలవాటు పాత ట్యాక్సీ డ్రైవర్ల నుంచి వచ్చింది. తుడవగానే జిగేల్‌మంటుంది, గంటలో రోడ్డు దుమ్మంతా ఆ జిడ్డుకు పట్టేస్తుంది. రబ్బరు బీడింగులకూ మంచిది కాదు.

ఇక క్లియర్ కోట్ ఇప్పటికే పొట్టుగా లేచి, తెల్లటి అంచులతో మ్యాపులా కనిపిస్తున్న కారు మీదైతే, దయచేసి ఏ సీసా మీదా డబ్బు పెట్టకండి. "రిస్టోరర్" అని పేరున్నా సరే. లేచిన పొరను తిరిగి అతికించే ద్రవం లేదు. రుద్దితే అంచులు ఇంకా లేస్తాయి. ఆ పలక వరకు మంచి షెడ్డులో సాండింగ్ చేయించి మళ్లీ పెయింటు వేయించుకోవాలి. ఫ్యాక్టరీలో పెయింటును 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, షెడ్డులో సీట్లు, వైర్లు అన్నీ ఉన్న కారును అంత వేడి చేయలేరు, 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. అందుకే ఆ పెయింటు పూర్తిగా గట్టిపడటానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. పెయింటర్ ఎన్నాళ్లన్నారో కనుక్కోండి, నెల నుంచి రెండు నెలల వరకు వ్యాక్స్, సీలెంట్, కోటింగ్ ఏదీ పెట్టకండి. ఆ రోజుల్లో నీడలో పెట్టి, చల్లటి నీళ్లు, తేలికపాటి షాంపూ, శుభ్రమైన మిట్ట్‌తో కడుక్కుంటే చాలు.